మోటారు సైకిలు హెడ్ లైటు: వెలుగు పెంచే ముందు తెలుసుకోవలసిన సంగతులు

ఉదయపు పాలు చాలా ఊళ్ళలో తెల్లవారక ముందే ఇల్లు కదులుతాయి. చలికాలంలో అయిదు, అయిదున్నర గంటలకు ఇంకా చీకటే. ఒకప్పుడు కావడి మీద, సైకిలు మీద పాల కేంద్రానికి చేరిన క్యాన్లు ఇప్పుడు ఎక్కువగా మోటారు సైకిళ్ళ మీద, మోపెడ్ల మీద వస్తున్నాయి. మేము తనిఖీకి వెళ్ళినప్పుడు సభ్యులు పాల ధర గురించి, వెన్న శాతం గురించి, దాణా గురించి అడగడం మామూలే. ఈ మధ్య మరొక ప్రశ్న కూడా వినబడుతున్నది. "బండి లైటు చాలడం లేదండీ. ఎల్.ఇ.డి. బల్బు వేయించుకోవచ్చా? పోలీసులు పట్టుకుంటారా?"

ఈ ప్రశ్నలో రెండు విషయాలు కలిసి ఉన్నాయి. ఒకటి వెలుగు, రెండవది చట్టం. ముందుగా సారాంశం చెప్పి, తరువాత వివరాలలోకి వెళతాము.

కంపెనీ ఇచ్చిన రకం బల్బునే, అంతే వాట్లది, కొత్తది వేసుకోవచ్చు. లైటు అద్దం శుభ్రం చేసుకోవచ్చు, పగిలితే కంపెనీ లైటే మార్చుకోవచ్చు. వైర్లు బాగుచేయించి, వెలుగు సరైన చోట పడేటట్లు అమర్చుకోవచ్చు. ఇవన్నీ చట్టబద్ధమే. ఎక్కువ వాట్ల బల్బు వేయడం, హాలోజన్ బల్బు ఉండవలసిన గూటిలో బజారు ఎల్.ఇ.డి. బల్బు పెట్టడం, హ్యాండిలుకు స్పాట్ లైట్లు బిగించడం మాత్రం నిబంధనలకు విరుద్ధం. పైగా మనం ఆశించిన మేలు కూడా వాటివల్ల చాలాసార్లు జరగదు.

లైటు ఎందుకు చాలడం లేదు?

"లైటు తక్కువ" అనే బండిని ముందుగా పరీక్షించి చూడాలి. బల్బు రకం మార్చవలసినంత లోపం ఉండటం అరుదు. సాధారణంగా కనబడే కారణాలు ఇవి.

మొదటిది అద్దం. మట్టి రోడ్డు దుమ్ము, పేడ తుంపర్లు, పురుగుల మరకలు అద్దం మీద పొరగా పేరుకుంటాయి. ఆ పొర వెలుగును ఆపడమే గాక, మిగిలిన వెలుగును చెదరగొడుతుంది. ప్లాస్టిక్ అద్దం ఎండకు పచ్చబడి మసకబారుతుంది.

రెండవది లోపలి వెండి పూత గిన్నె, అనగా రిఫ్లెక్టరు. నీరు దిగి పూత లేచిపోతే ఎంత మంచి బల్బు వేసినా ప్రయోజనం లేదు. దీనికి మందు బల్బు కాదు, కొత్త లైటు గూడు.

మూడవది కరెంటు. తుప్పు పట్టిన కనెక్షను, వదులైన ఎర్తు వైరు, అరిగిన స్విచ్చి - వీటివల్ల బల్బుకు చేరవలసిన వోల్టేజి దారిలోనే తగ్గిపోతుంది. హాలోజన్ బల్బుకు వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు సుమారు 30 శాతం తగ్గుతుంది. ఇది చాలామందికి తెలియని సంగతి. కనెక్షన్లు గీకి బిగిస్తే పోయిన వెలుగు తిరిగి వస్తుంది.

నాల్గవది వయస్సు. బల్బు మాడిపోయే దాకా వాడుతూనే ఉంటాము. కాని వాడినకొద్దీ దాని వెలుగు తగ్గుతూ వస్తుంది. కొత్త హాలోజన్ బల్బును వేళ్ళతో గాజు మీద పట్టుకోరాదు. చేతి జిడ్డు అంటిన చోట గాజు అధికంగా వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. పాలు పితికిన చేతితోనైతే మరీ జాగ్రత్త. శుభ్రమైన గుడ్డతో పట్టుకోవాలి.

అయిదవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, వెలుగు పడే చోటు. దీనిని గురించి కింద వివరిస్తాము.

ఎక్కువ వాట్ల బల్బు

చిన్న మోటారు సైకిళ్ళలో సాధారణంగా ఉండేది 12 వోల్టులు, 35/35 వాట్ల బల్బు. అనగా దూరపు వెలుగుకు 35, డిమ్ముకు 35. దాని స్థానంలో కార్లలో వాడే 60/55 వాట్ల బల్బు పెట్టించడం ఒక అలవాటుగా మారింది. 35 వాట్లకు సుమారు 3 ఆంపియర్ల కరెంటు కావాలి. 60 వాట్లకు 5 ఆంపియర్లు కావాలి. చిన్న ఇంజనులోని కాయిలు ఆ భారాన్ని మోయలేదు. అప్పుడు వోల్టేజి పడిపోతుంది, వెలుగు ఎర్రబడుతుంది. బ్యాటరీ మీద వెలిగే లైటైతే బ్యాటరీ దిగిపోతుంది. సన్నని వైర్లు వేడెక్కి పైతొడుగు కరుగుతుంది, స్విచ్చి మాడుతుంది, ప్లాస్టిక్ గూటిలోని రిఫ్లెక్టరు పూత పోతుంది.

సరే, కరెంటు సరిపోయిందనే అనుకుందాము. రెట్టింపు వెలుగుకు రెట్టింపు దూరం కనబడుతుందా? కనబడదు. రెట్టింపు దూరంలో ఉన్న వస్తువు మీద అంతే వెలుగు పడాలంటే నాలుగు రెట్ల వెలుగు కావాలి. వెలుగు రెట్టింపైతే దూరం ఒకటిన్నర రెట్లు కూడా పెరగదు. ఎదుటివారి కంటికి తగిలే బాధ మాత్రం రెట్టింపవుతుంది.

ఎల్.ఇ.డి. బల్బు సంగతి

"కొత్త బండ్లకు కంపెనీ వారే ఎల్.ఇ.డి. లైటు ఇస్తున్నారు గదా, మేము వేస్తే తప్పేమిటి?" అని అడిగేవారున్నారు. మంచి ప్రశ్నే. కంపెనీ ఎల్.ఇ.డి. లైటులో బల్బు, రిఫ్లెక్టరు, అద్దం మూడూ ఒకదానికొకటి సరిపడేటట్లు తయారుచేసి, పరీక్ష చేయించి, ఆమోదం పొందుతారు. అది మొత్తంగా ఒక లైటు.

హాలోజన్ గూటి లెక్క వేరు. అందులో సన్నని తీగ చుట్ట ఉండే స్థానం మిల్లీమీటర్లలో నిర్ణయమై ఉంటుంది. డిమ్ము తీగ కింద చిన్న లోహపు మూకుడు ఒకటి ఉంటుంది. పైకి పోయే వెలుగును అడ్డుకోవడం దాని పని. ఎల్.ఇ.డి. బల్బులో వెలుగు వచ్చే బిళ్ళల ఆకారం వేరు, చోటు వేరు. అందువల్ల రిఫ్లెక్టరు ఆ వెలుగును అనుకున్న చోటికి పంపలేదు. కొంత చెట్ల మీద, కొంత ఎదుటివారి కళ్ళలో పడుతుంది. బండి ముందు అయిదారు మీటర్ల నేల మాత్రం తెల్లగా మెరుస్తుంది. దానిని చూసి మనకు "భలే లైటు" అనిపిస్తుంది. కాని దగ్గరి నేల అంతగా మెరిస్తే కన్ను ఆ వెలుగుకే అలవాటు పడి, దూరాన చీకటిలో ఉన్న గేదె కనబడదు. ప్రమాదం దాగి ఉండేది ఆ చీకటిలోనే.

కొన్ని పాత బండ్లలో హెడ్ లైటు బ్యాటరీ మీద గాక నేరుగా ఇంజను కాయిలు మీద వెలుగుతుంది. అటువంటి బండ్లలో బజారు ఎల్.ఇ.డి. బల్బు మిణుకుమిణుకుమంటుంది, త్వరగా పోతుంది కూడా.

పాల క్యాన్లు, లైటు చూపు

ఇప్పుడు మన సభ్యులకే ప్రత్యేకమైన విషయానికి వద్దాము. నలభై లీటర్ల క్యానులో పాలే సుమారు 41 కిలోలు తూగుతాయి, క్యాను బరువు అదనం. రెండు క్యాన్లు వెనుక కట్టుకుంటే 80 కిలోలు దాటిన బరువు వెనుక చక్రం మీద పడుతుంది. బండి వెనుక కుంగుతుంది, ముందు భాగం పైకి లేస్తుంది. దానితోపాటు లైటు కూడా ఆకాశం చూస్తుంది.

లెక్క చూడండి. చిన్న మోటారు సైకిలు రెండు ఇరుసుల మధ్య దూరం సుమారు 125 సెంటీమీటర్లు. వెనుక 5 సెంటీమీటర్లు కుంగిందనుకుంటే, వెలుగు ప్రతి మీటరుకు 4 సెంటీమీటర్ల చొప్పున పైకి లేస్తుంది. ఖాళీ బండి మీద డిమ్ము లైటును మీటరుకు 1 సెంటీమీటరు చొప్పున కిందికి వాలేటట్లు అమర్చి ఉన్నారనుకుంటే, బరువు వేసిన తరువాత అది మీటరుకు 3 సెంటీమీటర్లు పైకి పోతుంది. లైటు నేల నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే, 25 మీటర్ల దూరంలో ఆ వెలుగు 165 సెంటీమీటర్ల ఎత్తుకు చేరుతుంది. అది నడచివచ్చే మనిషి కళ్ళ ఎత్తు!

అంటే మనం డిమ్ములోనే ఉన్నామని అనుకుంటూ ఎదుటివారి కళ్ళలో వెలుగు కొడుతున్నాము. నేల మీద పడవలసిన వెలుగు గాలిలోకి పోతున్నది. అందుకే లైటు చాలడం లేదని మనకు అనిపిస్తుంది. ఈ స్థితిలో మరింత తీక్షణమైన బల్బు వేస్తే రోగం ముదురుతుందే గాని తగ్గదు.

ఆ ఎదురుగా వచ్చేదెవరు? తెల్లవారుజామున ఆ రోడ్డు మీద ఉండేది చాలావరకు మన సంఘ సభ్యులే. చేతిలో పాల క్యానుతో కేంద్రానికి నడచివచ్చే ఇల్లాలు, సైకిలు మీద వచ్చే పెద్దాయన, పొలానికి నీరు పెట్టబోయే రైతు. తీక్షణమైన వెలుగు కళ్ళలో పడితే బైర్లు కమ్మి, చూపు తిరిగి కుదుటపడడానికి కొన్ని సెకన్లు పడుతుంది. వయస్సు మీరినవారికి, కంటిలో శుక్లాలున్నవారికి ఇంకా ఎక్కువ సేపు పడుతుంది. 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. చూపు ఆనని అయిదు సెకన్లలో 55 మీటర్లు గుడ్డిగా పోయినట్లే. ఆ దూరంలో కల్వర్టు ఉండవచ్చు, కట్టు తెంచుకున్న దూడ ఉండవచ్చు, మనమే ఉండవచ్చు.

చట్టం ఏమంటున్నది?

మోటారు వాహనాల చట్టం, 1988, దాని కింద వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989 దేశమంతటా వర్తిస్తాయి. మనకు అవసరమైన అంశాలు ఇవి.

105వ నియమం: సూర్యాస్తమయమైన అరగంట తరువాత నుంచి సూర్యోదయానికి అరగంట ముందు వరకు, వెలుతురు చాలని ఏ ఇతర సమయంలోనైనా, బండికి దీపాలు వెలగాలి. ముందున్న మనుషులు, వాహనాలు 155 మీటర్ల దూరం వరకు స్పష్టంగా కనబడాలి. మోటారు సైకిలుకు ఒకటి లేక రెండు హెడ్ లైట్లు ఉండవచ్చు. కనుక మసక లైటుతో నడపడం కూడా తప్పే.

106వ నియమం: లైటు నుంచి 8 మీటర్ల దూరంలో, కుడి పక్కకు అర మీటరు ఎడంగా, నేల నుంచి ఒకటిన్నర మీటర్ల ఎత్తులో కన్ను ఉన్న మనిషికి కళ్ళు చెదరకుండా వెలుగు కిందికి వంగి ఉండాలి, లేదా నడిపేవాడు అలా వంచగలిగేటట్లు ఉండాలి.

108వ నియమం: ముందువైపు ఎర్ర దీపం చూపరాదు. రంగు దీపాల ముచ్చట పడే కుర్రవాళ్ళకు ఈ సంగతి చెప్పండి.

111వ నియమం: రిజిస్ట్రేషను అధికారి ముందస్తు అనుమతి లేకుండా బండి ముందు స్పాట్ లైటు గాని, సర్చి లైటు గాని ఉండరాదు. ఆ అనుమతి కూడా అసాధారణ పరిస్థితులలోనే ఇస్తారు.

చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా ఉండేటట్లు యజమాని బండిని మార్చరాదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీం కోర్టు 2019 జనవరిలో ఈ సెక్షనును వివరించి, తయారీదారు ఇచ్చిన మూల స్వరూపాన్ని మార్చడానికి వీలులేదని తీర్పు చెప్పింది. అదే 2019లో జరిగిన సవరణతో 182ఎ సెక్షను మారింది. అనుమతి లేని పరికరాలు బిగించి బండిని మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. రెండు స్పాట్ లైట్లు, ఒక బజారు బల్బు అంటే ఎన్ని మార్పులో మీరే లెక్క వేసుకోండి. నియమాల చిన్న ఉల్లంఘనలకు 177వ సెక్షను కింద మొదటిసారి 500 రూపాయల వరకు, తరువాత 1,500 రూపాయల వరకు జరిమానా ఉంటుంది. అక్కడికక్కడే కట్టే రాజీ రుసుము ఎంతో 200వ సెక్షను కింద రాష్ట్ర ప్రభుత్వాలు నిర్ణయిస్తాయి.

మరొక నష్టం కూడా ఉంది. అనుమతి లేని మార్పులున్న బండికి ప్రమాదం జరిగితే, సొంత బండి నష్టానికి పెట్టుకున్న బీమా క్లెయిము మీద కంపెనీ అభ్యంతరం లేవదీసే అవకాశం ఉంటుంది. కోసి అతికిన వైర్ల వల్ల మంట పుడితే చెప్పనక్కరలేదు. కొత్త బండి వైర్లు కోయిస్తే వారంటీ విషయంలోనూ చిక్కు వస్తుంది.

గోడ పరీక్ష: ఎలా చేయాలి?

ఈ పరీక్షకు ఖర్చు లేదు. కావలసినవి ఒక టేపు, సుద్దముక్క, స్క్రూ డ్రైవరు, ఒక తోడు మనిషి. సాయంత్రం చీకటి పడిన తరువాత పాల కేంద్రం గోడ దగ్గరే చేసుకోవచ్చు.

1. రెండు టైర్లలో గాలి సరిచూడండి. అద్దం తుడవండి.

2. రోజూ తెచ్చేంత బరువు బండి మీద పెట్టండి. క్యాన్లలో నీళ్ళు నింపితే సరిపోతుంది. నడిపే మనిషి సీటు మీద కూర్చోవాలి. బండి స్టాండు మీద ఉండరాదు.

3. సమతలమైన నేల మీద, గోడకు ఎదురుగా 10 మీటర్ల దూరంలో బండిని నిటారుగా నిలపండి.

4. లైటు నడిమధ్య నేల నుంచి ఎంత ఎత్తున ఉందో కొలిచి, అదే ఎత్తున గోడ మీద అడ్డగీత గీయండి. దానికి 10 నుంచి 15 సెంటీమీటర్ల కింద రెండవ గీత గీయండి.

5. ఇంజను నడుస్తుండగా డిమ్ము వెలిగించండి. వెలుగు పై అంచు రెండవ గీత దగ్గర ఉండాలి. మీ బండి పుస్తకంలో వేరే కొలత ఇచ్చి ఉంటే దానినే పాటించండి.

6. వెలుగు పైకి పోతుంటే లైటు కింద గాని వెనుక గాని ఉండే స్క్రూ తిప్పి, లేదా పక్క బోల్టులు వదులు చేసి, కిందికి దించి బిగించండి.

చాలా బండ్లలో వెనుక షాకబ్జర్లకు మెట్లు ఉంటాయి. బరువు మోసే బండికి వాటిని గట్టి మెట్టుకు తిప్పుకుంటే వెనుక కుంగడం తగ్గుతుంది, లైటు చూపు నిలుస్తుంది. షాకబ్జరు నూనె కారుతుంటే మార్చాలి. క్యాన్లను వీలైనంత కిందుగా, ముందుకు, రెండు పక్కలా సమంగా కట్టాలి. బండికి నిర్ణయించిన బరువు మించరాదు.

వెనుక దీపం మరువవద్దు

ముందు లైటు గురించి అంత ఆలోచించే మనం వెనుక ఎర్ర దీపాన్ని క్యాన్లతో, గోనె సంచితో కప్పేస్తున్నాము. వెనుక నుంచి వచ్చే లారీకి చీకటిలో ఆ బండి కనబడదు. వెనుక దీపం, ఇండికేటర్లు, నంబరు పలక, ఎర్ర రిఫ్లెక్టరు బరువు కట్టిన తరువాత కూడా కనబడాలి. బండి వెనుక పది అడుగులు నడిచి వెళ్ళి, తిరిగి చూస్తే విషయం తెలిసిపోతుంది. క్యాను కట్టే ఇనుప చట్రానికి వెనుకవైపు ఎర్ర రిఫ్లెక్టరు టేపు అంటించుకోవడం చౌకైన, మంచి పని.

సభ్యులు అడిగే కొన్ని ప్రశ్నలు

ప్రశ్న: షాపులో బాహాటంగా అమ్ముతున్న బల్బు చట్టవిరుద్ధం ఎలా అవుతుంది?
జవాబు: షాపులో అమ్మినంత మాత్రాన రోడ్డు మీద వాడటానికి అనుమతి వచ్చినట్లు కాదు. జరిమానా పడినప్పుడు కట్టేది షాపువాడు కాదు, బండి యజమాని.

ప్రశ్న: పగలు కూడా లైటు వెలుగుతున్నది. స్విచ్చి పెట్టించి ఆపవచ్చా?
జవాబు: ఆపరాదు. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు లైటు దానంతట అదే వెలిగే ఏర్పాటు తప్పనిసరి అయింది. ఎదుటివారికి మన బండి కనబడాలని ఈ ఏర్పాటు.

ప్రశ్న: పొగమంచులో దూరపు వెలుగు వేస్తే మేలు కాదా?
జవాబు: కాదు. ఆ వెలుగు మంచు బిందువులకు తగిలి మన కళ్ళలోకే తిరిగి వస్తుంది. ముందు తెల్లని గోడ కట్టినట్లుంటుంది. డిమ్ములోనే, నెమ్మదిగా రావాలి.

ప్రశ్న: అన్నీ సరిచేసినా ఇంకా తక్కువగానే ఉంటే?
జవాబు: అదే మోడలుకు కంపెనీ ఆమోదించిన మెరుగైన లైటు ఉన్నదేమో అధీకృత డీలరును అడగండి. ఉంటే బిల్లుతో కొనండి. లేకుంటే వేగం తగ్గించండి. కనబడే దూరంలో ఆగగలిగినంత వేగమే చీకటిలో తగిన వేగం. పది నిమిషాలు ముందు బయలుదేరితే పాలు విరిగిపోవు.

సంఘాలకు మనవి

ప్రతి ప్రాథమిక సంఘం ఈ విషయాన్ని రాబోయే పాలకవర్గ సమావేశంలో చర్చకు పెట్టవలసిందిగా కోరుతున్నాము. పాల కేంద్రం గోడ మీద పరీక్ష గీతలు సున్నంతో గీయించి, 10 మీటర్ల గుర్తు నేల మీద పెట్టించవచ్చు. బండ్ల ఎత్తులు వేరుగా ఉంటాయి గనుక ఎత్తు కొలబద్దను కూడా గోడ మీద రాయించడం మంచిది. చలికాలం రాకముందు ఒక సాయంత్రం నిర్ణయించి, ఊరి మెకానిక్కును పిలిపించి, సభ్యుల బండ్లన్నిటికీ ఒకేసారి లైట్లు, వెనుక దీపాలు సరిచూయిస్తే ఒక్కొక్కరికి పట్టేది పది నిమిషాలు. క్యాన్లు సేకరించి తెచ్చేవారి బండ్లను మొదట చూడండి. వారు రోజూ చీకటిలో, అధిక బరువుతో, అందరికన్నా ఎక్కువ దూరం తిరుగుతారు.

ఇప్పటికే స్పాట్ లైట్లు, బజారు బల్బులు బిగించుకున్న సభ్యులు వాటిని తీయించి, కంపెనీ రకం బల్బు వేయించుకోవలసిందిగా కోరుతున్నాము. మేము ఇకముందు తనిఖీకి వచ్చినప్పుడు రికార్డులతోపాటు గోడ మీద గీతలు కూడా చూస్తాము.